పన్నెండో సెల్ల

ఉపేందర్‌రావు చెప్పులు గడప బయట విడిచి, దర్వాజకు తగలకుండా తల వంచి లోపలికి వచ్చి, ఎవరూ చెప్పకముందే చాప మీద కూర్చున్నాడు. కరీంనగర్‌లో పేరున్న వకీలు. వాళ్ల తాత పేరు చెబితే ఆ పక్క ఊళ్లలో ముసలివాళ్లు ఇప్పటికీ భుజం మీది సెల్ల తీసి చేతిలో పట్టుకుంటారు. అలాంటి మనిషి సిరిసిల్లలో తన ఇంటికొచ్చి కింద కూర్చునేసరికి, పర్శరాములుకు నిలబడాలో కూర్చోవాలో తోచలేదు. చివరికి గోడకు ఆనుకొని గొంతుక్కూర్చున్నాడు.

ఐలవ్వ బీడీల చాటను ఒళ్లోంచి దించి మూలకు జరిగింది. పేపర్లో పాత బొమ్మలు కావాలన్న ప్రకటన సంగతి విని భర్త ఈయనకు కార్డు రాశాడని ఆమెకు తెలుసు. జవాబుగా మనిషే వస్తాడని మాత్రం అనుకోలేదు.

"పెట్టె తియ్యవయ్యా. కార్డు చూసిన కాడికెళ్లి నాకు మనసున పడ్తలేదు," అన్నాడు ఉపేందర్‌రావు.

పర్శరాములు రేకు పెట్టె తెరిచాడు. పాత దుప్పటి మడతల్లోంచి ఒక్కొక్క బొమ్మనూ తీసి చాప మీద నిలబెట్టాడు. నీలిగద్ద. ఉక్కుపిడికిలి. అగ్గికన్ను. పిడుగురాయుడు. అరజానెడు ఎత్తు ప్లాస్టిక్ వీరులు. చేతులూ మోకాళ్లూ వంగుతాయి. ఒక్కొక్కరి మెడ నుంచి మడమల దాకా రంగుగుడ్డ వేలాడుతుంటుంది. పర్శరాములు దాన్ని సెల్ల అనే అంటాడు. భుజాల మీద వేసుకొనేది సెల్ల కాక మరేమవుతుంది?

వజ్రదళం అని వాటి పేరు. ఎనభై ఆరు దసరాకు దుకాణాల్లోకి వచ్చి, మరుసటి దసరా చూడకుండానే మాయమయ్యాయి. హైదరాబాద్‌లో ఎవరో చిన్న కంపెనీ పెట్టి చేశారు, నడవక మూసేశారు. డబ్బా వెనక పన్నెండుగురి బొమ్మలు అచ్చువేశారు గాని, దుకాణాలకు పదకొండుగురే వచ్చారు. పన్నెండోవాడు చీకటిసూరీడు. వాడిని డబ్బా మీద తప్ప చూసినవాళ్లు లేరు. అయిదేళ్లుగా పర్శరాములుకు ఆ అట్టముక్కే దిక్కు.

ఉపేందర్‌రావు బొమ్మలను ముట్టుకోలేదు. చాప మీద రెండు చేతులూ ఆనించి, చంటిపిల్లవాడిలా వంగి, ముఖం వాటి దగ్గరికి తెచ్చాడు. వంగినవాడు చాలాసేపు లేవలేదు.

"గుడ్డలు..." అన్నాడు. "గుడ్డలు ఉన్నయి!"

"ఉన్నయి దొరా."

"నావి అన్ని కరిగిపోయినయి. కంపెనోడు రబ్బరు పూసిన గుడ్డ పెట్టిండు. రెండేండ్లకు బంక బంకయి, పొడి పొడయింది. హైదరాబాదుల ముగ్గురి దగ్గర చూసిన, ఒక్కనిది లేదు. నువ్వెట్ల కాపాడినవయ్యా?"

పర్శరాములు నోరు తెరిచాడు. అతని దగ్గరా అవి కరిగే పోయాయి. ఒక ఎండాకాలం పెట్టె తెరిచేసరికి వీరులందరి వీపులకూ జిగురు అంటుకొని ఉంది. గోటితో గీకి, కిరసనాయిలుతో తుడిచి, పదకొండుగురికీ తానే సెల్లలు నేశాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఎండ తాకనియ్యలే దొరా," అన్నాడు.

ఐలవ్వ మూలలోంచి చప్పున తలెత్తింది. పర్శరాములు ఆమె వైపు చూడలేదు.

"చీకటిసూరీడు నా దగ్గరున్నడు," అన్నాడు ఉపేందర్‌రావు, గుట్టు చెబుతున్నవాడిలా. "కంపెనీల పనిచేసిన ఒకాయన దగ్గర దొరికిండు. వానిగ్గూడ గుడ్డ లేదు. చూడు, ఆదివారం కరీంనగర్‌ల ప్రదర్శన పెడ్తున్నం. స్టాంపులు, పాత నాణేలు, బొమ్మలు, అన్ని. నీ పదకొండుగురిని నాకియ్యి. పన్నెండుమందిని ఒక్కతాన నిలబెడ్దాం. నీ పేరు పెద్ద అక్షరాలల్ల రాయిస్త. నువ్వు గూడ రావాలె, వచ్చి చూడాలె."

అవ్వాళ ఆ చాప మీద వకీలు లేడు, సాంచా మీద గుడ్డ నేసేవాడు లేడు. నీలిగద్ద కుడిచేయి ఎందుకు తొందరగా వదులవుతుందో, అగ్గికన్నులో రెండు రకాల కనుబొమలు ఎందుకున్నాయో ఇద్దరూ పోటీపడి చెప్పుకున్నారు. పర్శరాములు తన జీవితంలో ఈ సంగతులు ఇంకొకరితో మాట్లాడటం అదే మొదలు. బొమ్మలను దుప్పటితో సహా కారులో పెట్టి సాగనంపాక, మెడ వెనక ఏదో వేడిగా ఉంది. సిగ్గో సంతోషమో విడదీయబోయాడు గాని, రెండూ ఒకే నూలుకండెకు చుట్టుకొని ఉన్నాయి.

*

కార్ఖానాలో పదహారు సాంచాలు, కరెంటు మగ్గాలు, ఒకేసారి కొట్టుకుంటుంటే, మనిషికి మనిషి మాట వినపడదు. పెదవుల కదలిక చూసి మాట్లాడుకోవాలి. పర్శరాములు నాలుగు సాంచాల మధ్య తిరుగుతాడు. తెల్లగుడ్డ. పొద్దున పనికి ఎక్కిన కాడ్నుంచి దిగేదాకా తెల్లగుడ్డే. అది ఎక్కడికో పోతుంది, ఎవరో రంగు వేస్తారు, ఎవరో లంగాలూ అస్తర్లూ కుట్టుకుంటారు.

పోగు తెగితే సాంచా ఆపి, రెండు కొసలనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి, నలిపి, ముడి వేసి, మిగిలిన కొస గిల్లి, మళ్లీ నడపాలి. ఎన్నడో వేళ్లకే వచ్చేసిన పని అది. సాయంత్రం గుమస్తా అంతయ్య గుడ్డ తాను పరిచి, అరచేయి గుడ్డ మీద నడిపిస్తూ పోతాడు. అతుకు తగిలితే చేయి ఆగుతుంది, తిట్టు వస్తుంది. తగలకపోతే ఏమీ రాదు. పదిహేనేళ్లలో అంతయ్య అరచేయి పర్శరాములు గుడ్డ మీద ఎన్నడూ ఆగలేదు. ఆ ఊరకుండటమే పర్శరాములుకు తెలిసిన మెప్పు.

ఉపేందర్‌రావు చూపు కూడా ఆ సెల్లల మీదుగా అలాగే ఆగకుండా నడిచిపోయింది. అంతటి మనిషి ముఖం దగ్గర పెట్టి చూసి, ఇది కంపెనీ గుడ్డే అనుకున్నాడు. ఇంతకంటే మెప్పేముంటుంది? దానికి అడ్డం పడి 'నేనే నేసిన' అనడమంటే, అంతయ్య చేయి పట్టుకొని అతుకు మీద పెట్టినట్టే. పని తెలిసినవాడెవడూ ఆ పని చేయడు. ఇలా రుజువు చేసుకొని పర్శరాములు మరో సాంచా దగ్గరికి పోయాడు. రుజువు చేసుకున్నది మళ్లీ మళ్లీ చేసుకోవలసి రావడమే ఎందుకో అర్థం కాలేదు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. కార్ఖానా మొత్తం ఠక్కున ఆగింది. అంతయ్య బీడీ ముట్టించి దగ్గరికొచ్చాడు. పేపర్లో ప్రకటన చదివి వినిపించింది అతనే.

"నీ పిల్లలను కార్ల తోలిచ్చినవట?"

"బొమ్మలు."

"అదే. పిల్లలు లేనోళ్లకు గట్లనే ఉంటదట. మా బామ్మర్ది కుక్కను సాకుతడు."

పర్శరాములు నవ్వి ఊరుకున్నాడు. ఆ మాట చాలామంది అన్నారు. అన్నవాళ్లందరూ ఏదో తాళం తీసినట్టు ముఖం పెట్టేవాళ్లు. పిల్లలు లేని బాధ ఎలాంటిదో అతనికి తెలుసు, దాని చోటు దానికుంది. ఇది అది కాదు. మరి ఏమిటంటే చెప్పలేడు. డబ్బా మీద పన్నెండుగురిని అచ్చువేసి పదకొండుగురినే పంపినవాడి మీద పట్టుదల కావచ్చు. లేకపోతే, ఈ ఊళ్లో తాను తప్ప ఇంకెవరూ కోరని వస్తువు ఒకటుండాలనే కోరిక కావచ్చు.

అతను సాంచా వెనక్కి పోయి కూర్చొని, బీడీల అట్టపెట్టెలోంచి చిన్న చెక్కమగ్గం బయటికి తీశాడు. రెండు కర్రపుల్లలు, నాలుగు మేకులు. పోగులను వరుసలో పట్టే దువ్వెనలాంటి పన్నె మాత్రం వాళ్ల బాపుది. చేమగ్గం విప్పి అమ్మినప్పుడు పాత పన్నెలోంచి నాలుగు వేళ్ల ముక్క కోసి దాచుకున్నాడు. నిన్ననే నిలువు పడుగు ఎక్కించాడు, నల్లపోగు. అడ్డం పేక ఎర్రనూలు, చీపురుపుల్లకు చుట్టి ఉంది.

అట్టముక్క మీద చీకటిసూరీడి సెల్ల ఒక మడతలో నల్లగా, ఇంకో మడతలో పొద్దుగూకేటప్పటి ఎరుపుగా ఉంటుంది. అచ్చువేసినవాడికి రంగు చెదిరిందని మొదట అనుకున్నాడు. కాదు, నల్లపడుగులో ఎర్రపేక వేస్తే గుడ్డ అలాగే రెండు రంగులు పలుకుతుంది. వంచితే ఒకటి, లేపితే ఒకటి. అది తెలిసిన రోజున అతనికి ఆ కంపెనీ మీద మొదటిసారి గౌరవం కలిగింది.

పుల్ల అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. రెండు అంచులకూ జంటపోగులు వేశాడు. బాపు తువ్వాలలకు అలాగే వేసేవాడు. కంటికి కనపడదు, గోటికి తగులుతుంది. పదకొండింటికీ వేసిందే. కరెంటు వచ్చేలోగా ఒక బొటనవేలంత గుడ్డ నేశాడు.

*

శనివారం సాయంత్రం సెల్ల మగ్గం నుంచి దిగింది. పర్శరాములు దాన్ని అరచేతిలో పరిచి కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు. నలుపు. ఎరుపు. నలుపు.

"ఇటియ్యి," అంది ఐలవ్వ. బీడీ ఆకు మరకలున్న వేళ్లను కొంగుకు తుడుచుకొని అందుకుంది. అల్లరిగా తన భుజం మీద వేసుకొని, "నాకైతే ఇంత గనం నేసియ్యకపోతివి పెండ్లయినంక," అంది.

"నీ భుజం పెద్దగాయె."

"అవు, పెద్దగాయె. పన్నెండుగురు మొగోళ్లకు చాకిరి చేసే మనిషికి నా భుజమెందుకు?" నవ్వి, సెల్లను మళ్లీ మళ్లీ తిప్పి చూసి, నవ్వు ఆపింది. "ఆ వకీలు ముందట ఎందుకు చెప్పకపోతివి?"

"ఏంది?"

"ఏందంటవేంది? ఎండ తాకనియ్యలే అంటివి గద. నేను మూలకున్న, చెవిటిదాన్ని కాదు."

పర్శరాములు అన్నాడు: "అతుకు కనపడలేదని మురిసిన. అతుకు పెట్టినోడు ఈడ అతికిన అని చెప్పుకుంటడా?"

ఐలవ్వ సెల్లను అతని చేతిలో పెట్టింది.

"ఇది అతుకు కాదయ్యా. గుడ్డ."

ఆమె చాట ముందు కూర్చొని ఆకు కత్తిరించసాగింది. పర్శరాములు మాత్రం ఆ మాట దగ్గరే నిలబడిపోయాడు. అన్ని రోజులు తాను చేసుకున్న రుజువులో ఎక్కడో పోగు తెగిందని తెలుస్తూనే ఉంది. తెగింది ఎక్కడో ఈమె ఒక్క వేలితో చూపింది. సెల్లను కాగితంలో మడిచి అంగీ జేబులో పెట్టుకున్నాడు. పొద్దున్నే పోవాలి. ముందుగా నిజం చెప్పాలి. చెప్పాక అక్కర్లేదంటే బొమ్మలను తెచ్చుకోవాలి. చీకటిసూరీడిని ఒక్కసారి చూసి, వాడికిది కప్పి, రావాలి.

*

కరీంనగర్‌లో ప్రదర్శన పెట్టిన బడి హాలు నిండా బల్లలు వేశారు. స్టాంపుల బల్ల, నాణేల బల్ల, అగ్గిపెట్టెల బల్ల. జనం ఎక్కువగా ఉన్నది చివరి బల్ల దగ్గర. పర్శరాములు భుజాల సందుల్లోంచి చూశాడు.

పన్నెండుగురు. వరుసగా, మెట్లలా పేర్చిన చెక్కల మీద. అన్నిటికంటే పైన చీకటిసూరీడు. అట్టముక్క మీద చూసిన ముఖమే, కాని మెడ తాననుకున్నంత లావు లేదు. వీపు బోసిగా ఉంది. మిగతా పదకొండుగురూ సెల్లలు కప్పుకొని మెరుస్తున్నారు.

మరీ మెరుస్తున్నారు. నీలిగద్ద ఛాతీ మీద గీత లేదు. ఉక్కుపిడికిలి బొటనవేలు విరిగి ఉండాలి, విరిగి లేదు.

ఇవి తన బొమ్మలు కావు. సెల్లలు మాత్రం తనవి.

ముందు పెట్టిన అట్ట మీద పెద్ద అక్షరాలు: 'వజ్రదళం. పన్నెండుగురు, కంపెనీ అసలు గుడ్డలతో. సేకరణ: ఉపేందర్‌రావు, అడ్వకేట్.' ఇంకే పేరూ లేదు. వంగి బల్ల కిందికి చూశాడు. చెప్పుల అట్టపెట్టెలో తన పదకొండుగురు ఒకరి మీద ఒకరు బోర్లా పడి ఉన్నారు, వీపులు బోసిగా. దుప్పటి కూడా లేదు.

"అరె, పర్శరాములూ! వచ్చినవా!" ఉపేందర్‌రావు ఆనందంగా వచ్చి భుజం మీద చేయి వేశాడు. ఆ ఆనందంలో దాపరికం లేదు. అదే పర్శరాములును ఎక్కువ తికమక పెట్టింది. "చూడు, ఎట్లున్నరో మనోళ్లు! నీయి జర రంగు పోయినయి గద. అందుకని గుడ్డలు నావాటికేసిన. చూసేటోళ్లకు కంటికి ఇంపుండాలె."

"పేరు రాయిస్త అంటిరి దొరా."

"పేరా... అట్ట మీద జాగ సాలలేదయ్యా. నోటితోని అందరికి చెప్తున్న, సిరిసిల్లల ఒకాయన గుడ్డలు కాపాడిండని. ఫికర్ జెయ్యకు."

ఒకాయన. పర్శరాములు ఆ మాటను లోపల తిప్పి చూసుకున్నాడు. పదిహేనేళ్లుగా తెల్లగుడ్డ నేసేవాడు కూడా ఒకాయనే.

బహుమతులు తేల్చే న్యాయనిర్ణేతలు వచ్చారని జనం పక్కకు జరిగారు. ముందు నడుస్తున్నది సరళాదేవి, ఆడపిల్లల బడిలో ముప్పై ఏళ్లు నేతా కుట్టూ నేర్పి రిటైరైన టీచరు. ఆమె అన్నిటినీ చూసినట్టే కళ్లద్దాల మీదుగా చూసి, చేయి చాచి నీలిగద్ద సెల్ల అంచును గోటితో మెల్లగా గీసింది. గోరు ఆగింది. పక్కదాన్ని గీసింది. అక్కడా ఆగింది.

"ఉపేందర్‌రావు గారూ, ఇది కంపెనీ గుడ్డనా?"

"అవును మేడం. అసలుది. ఎక్కడా దొరకదు."

"కంపెనోడు తాన్లకు తాన్లు తెచ్చి కోస్తడు. కోసిన గుడ్డకు అంచుండదు. నాలుగు వేళ్ల గుడ్డకు రెండుదిక్కులా అంచు ఎట్లొచ్చింది? ఇది ఈ కొలతకే నేసినరు. ఒక్కొక్కటి వేరేగ నేసినరు."

పర్శరాములుకు చెంప మీద చల్లని గాలి తగిలినట్టయింది. అది తప్పు అని అతనికి ఇన్నాళ్లూ తెలియదు. గుడ్డ అన్నాక రెండు అంచులుంటాయి. అంచు లేకుండా నేయడం చేతికి తెలియదు. కంపెనీ గుడ్డను అచ్చు దింపానని మురిసినవాడు, పదకొండుసార్లు తన చేతిగుర్తు వేసిపెట్టాడు. దాన్ని ఈమె గోరు పట్టుకుంది. చేయి ఆగింది, తిట్టు మాత్రం రాలేదు.

"విదేశీ మిషనేమో మేడం..." అంటున్నాడు ఉపేందర్‌రావు.

పర్శరాములు ముందుకు వచ్చాడు. జేబులోంచి కాగితం మడత తీశాడు. ఎవరినీ అడగలేదు. చీకటిసూరీడిని చెక్క మీంచి దించి, ఎడమచేతి వేళ్ల మధ్య నిలబెట్టి, సెల్లను భుజాల మీద కప్పి, రెండు కొసలనూ మెడ ముందు తెచ్చి ముడి వేశాడు. మెడ సన్నం కాబట్టి ఇంకొక చుట్టు తిప్పాడు. మిగిలిన పోగును గిల్లి, బొమ్మను తిరిగి దాని చోట నిలబెట్టాడు.

నలుపు. జనంలో ఎవరో వంగి చూసి, "ఎర్రగున్నది!" అన్నారు. ఇంకెవరో, "కాదు, నలుపే!" అన్నారు.

సరళాదేవి ఆ అంచును గోటితో గీసింది. జంటపోగు తగిలింది. తల తిప్పి పర్శరాములును చూసింది.

"నీ చెయ్యేనా ఇది?"

"అవునమ్మా. నేనే నేసిన. పన్నెండుకు పన్నెండు."

హాలులో మిగతా బల్లల దగ్గరి మాటలు అప్పుడు వినిపించాయి. ఉపేందర్‌రావు ముఖంలో రంగు మారింది. "మరి ఆనాడు చెప్పకపోతివేందయ్యా? నలుగుట్ల నా పరువు..."

"చెప్పాల్సింది దొరా. చెప్పలే. నాదే తప్పు. గా తప్పు సరిజేసుకుందామనే బస్సెక్కిన," అన్నాడు పర్శరాములు. బల్ల వైపు తిరిగాడు. "నా సెల్లలు నేను తీసుకుంట."

"ప్రదర్శన అయ్యేదాకనన్న ఉండనియ్యరాదు. నిండుగున్నయి..."

"నా బొమ్మలు బోసిగున్నయి గద దొరా."

అతను ఒక్కొక్క ముడీ విప్పాడు. పదకొండు. తొందరపడలేదు. నేలమీద కూర్చొని, చెప్పుల పెట్టెను బోర్లించి, దాని మీద తన గీతల నీలిగద్దనూ బొటనవేలు లేని ఉక్కుపిడికిలినీ వరుసగా నిలబెట్టి, ఎవరి సెల్ల వాళ్లకు కప్పాడు. జనం బల్ల దగ్గర కొందరు, ఈ పెట్టె చుట్టూ కొందరు అయ్యారు. పైన పదకొండుగురు బోసివీపులతో నిలబడ్డారు. ఒక్క చీకటిసూరీడి భుజాల మీద మాత్రం గుడ్డ ఉంది.

"గది తీసుకోవా?" అని అడిగాడు ఉపేందర్‌రావు, ఆ సెల్ల వైపు చూడకుండా.

"ఉండనియ్యిండ్రి దొరా. వాని కొలతకు నేసిన. ఇంకెవ్వనికి పట్టది."

ఉపేందర్‌రావు బల్ల ముందుకు వచ్చాడు. తరువాత తన జేబులోంచి పెన్ను తీసి, అట్ట మీద 'కంపెనీ అసలు గుడ్డలతో' అన్న మాటలను తానే కొట్టేశాడు. సరళాదేవి ఆ పెన్ను అతని చేతిలోంచి తీసుకొని, ఒక తెల్లకాగితంతో పాటు పర్శరాములుకిచ్చింది.

"నీ పెట్టె ముందర పెట్టుకునేటందుకు. ఏం రాస్తవో రాయి."

'సేకరణ' అని మొదలుపెట్టబోయాడు. పెన్ను ఎత్తి, కొంచెం ఆలోచించి, రాశాడు: 'నేత: పర్శరాములు, సిరిసిల్ల.' అక్షరాలు పెద్దగా వచ్చాయి. జాగ సరిపోయింది.

*

"చూసినవా వాన్ని?" అని అడిగింది ఐలవ్వ, చెప్పుల అట్టపెట్టె అందుకుంటూ.

"చూసిన. మెడ సన్నమే. ఒక చుట్టు ఎక్కువేసిన."

"అడుగకపోతివి, ఇస్తుండెనేమో. అయిదేండ్ల సంది కొట్టుకుంటివి."

"వాన్ని తెచ్చుకునుడెందుకే," అన్నాడు పర్శరాములు. కాళ్లు కడుక్కోవడానికి బయటికి పోతూ గడప దగ్గర ఆగి అన్నాడు: "వాని ఒంటి మీద నాదే ఉన్నది."

మరునాడు సాయంత్రం కార్ఖానాలో అంతయ్య గుడ్డ తాను పరిచి, అరచేయి తెల్లగుడ్డ మీద నడిపించుకుంటూ పోయాడు. చేయి ఎప్పటిలాగే ఎక్కడా ఆగలేదు. మడత పెట్టబోయాడు.

"ఆగు," అన్నాడు పర్శరాములు.

అతను అంతయ్య చూపుడువేలు పట్టుకొని, గుడ్డ మీద వెనక్కి జరిపి, ఒకచోట ఆనించాడు.

"ఇగో, ఈడ తెగింది పొద్దుగాల. నేనే అతికిన."

అంతయ్య వేలితో రుద్ది చూశాడు. కళ్లు దగ్గర పెట్టి చూశాడు. వెలుతురుకు ఎత్తి పట్టి చూశాడు.

"ఏడనయ్యా?" అన్నాడు.

"అక్కడనే," అన్నాడు పర్శరాములు. "మంచిగ చూడు."

అంతయ్య ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.